ముందు ఇళ్లు, తరువాత రైలు

మెల్‌బోర్న్ నగరానికి పడమరగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో టార్నీట్ అనే శివారు ఉన్నది. అక్కడ మా అమ్మాయి ఇంట్లో కొన్ని వారాలు గడిపాను. ఒకప్పుడు గొర్రెలు మేసిన మైదానమది. ఇప్పుడు వీధి వెంట వీధి, ఒకే పోలికగల ఇటుక ఇళ్లు. 2016 జనాభా లెక్కల్లో అక్కడ 34,562 మంది. 2021 నాటికి 56,370 మంది!

అయినా పగలు వీధిలో మనిషి అలికిడి ఉండదు. ఎందుకో మరునాడు ఉదయం స్టేషనుకు వెళ్తే తెలిసింది. ఊరంతా అక్కడే ఉన్నది! ఆ స్టేషను తెరచినది 2015 జూన్‌లో. అప్పటికే వేల కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. ఆ వచ్చేది కూడా డీజిలు రైలే. కూర్చోవడానికి చోటు దొరకలేదు.

"ఇల్లు పెద్దదే నాన్నా, అందులో ఉండే సమయమే చాలడం లేదు" అన్నది అమ్మాయి. సాయంత్రం ఆమె వచ్చేసరికి మనుమడు నిద్రపోయాడు.

మన ఊళ్ల పక్కన కూడా పొలాలు ప్లాట్లవుతున్నాయి. స్థలం కొనేటప్పుడు ధర ఒక్కటే అడగకండి. బడి, ఆసుపత్రి, బస్సు ఎంత దూరమో కూడా అడగండి. ఆ దూరాన్ని రోజూ నడిచేది మన పిల్లలే.