ఎల్ల దాటిన తీర్పు

కె. కోటపాడులో మా పొరుగున నున్న యొక యిల్లాలు గడచిన వేసవిలో ఒక కాగితమును కొంగున ముడివైచికొని మా యింటికి వచ్చినది. ఆమె భర్త ఇద్దరు బిడ్డలను, ఆమెను విడిచి జయపురము వైపు పనికి పోయి అచ్చటనే నిలిచిపోయెను. మన వైపు కోర్టువారు నెలకింత భరణ మీయవలెనని ఉత్తరువు చేసిరి. ఎనిమిది నెలలు గడచినను దమ్మిడీ రాలేదు. "కాయితం ఉంది బాబూ, కాయితం వండుకుని తింతామా?" అని ఆమె యడిగినది.

ఊరి పెద్దమనిషి యొకడు, అది ఆంధ్రా కోర్టు కాగితమనియు, ఒడిశాలో చెల్లదనియు, అచ్చట మరల దావా తెచ్చుకొనవలసినదే యనియు ఆమెకు చెప్పెనట. మేమును మొదట కొంత తటపటాయించితిమని యొప్పుకొనక తప్పదు. పుస్తకములు తెరచి చూచిన పిదప గాని మాకు ధైర్యము కలుగలేదు.

ఆ యెల్ల మాత్ర మెన్నటిది? 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు జయపురము విశాఖపట్టణము జిల్లాలోని యూరే. ఆ పెద్దమనిషి తాతకు జయపురము పరాయి సీమ కాదు. నిజమునకు పరాయిదైనది హైదరాబాదు సంస్థానము. అచ్చటి డిక్రీ మద్రాసు ప్రెసిడెన్సీలో విదేశపు తీర్పుగానే యెంచబడెడిది. ప్రతివాదిపై ఆ కోర్టునకు అధికారము కలదా యను మొదలుగాగల ప్రశ్నలన్నియు ఇచ్చట తిరిగి లేచెడివి. అట్టి చిక్కు స్వాతంత్ర్యము వచ్చిన పిదపను కొంతకాలము వదలలేదు. 1948లో గ్వాలియరు కోర్టు ఇచ్చిన డిక్రీ ఉత్తరప్రదేశ్‌లో అమలు కాదని సుప్రీంకోర్టు 1962లో తీర్పు చెప్పినది. డిక్రీనాటికి గ్వాలియరు పరసీమ కావుటయు, ప్రతివాదులు ఆ కోర్టునకు లోబడకుండుటయు అందులకు కారణములు.

రాజ్యాంగములోని 261వ అధికరణము ఈ గోడను పడగొట్టినది. కేంద్రముయొక్కయు, ప్రతి రాష్ట్రముయొక్కయు శాసనములకు, రికార్డులకు, న్యాయస్థానముల చర్యలకు దేశమంతట పూర్ణ విశ్వాసము చూపవలెననియు, సివిలు కోర్టుల తుది తీర్పులు దేశమున నెచ్చటనైనను అమలుపరుపదగుననియు అందు కలదు. ఈ మాట అమెరికా రాజ్యాంగములోని నాలుగవ అధికరణమునకు చుట్టము. అయితే అచ్చట రాష్ట్రమునకొక న్యాయవ్యవస్థ. మనకు అన్ని కోర్టులును ఒకే నిచ్చెన మెట్లు. కావున మనకు పని సులువు కావలసినది.

భరణము మాట యింకను సులువు. పూర్వపు క్రిమినలు ప్రొసీజరు కోడులో 128వ సెక్షనుగా నుండి, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో చేరిన నిబంధన ప్రకారము, భర్త యెచ్చట నున్న అచ్చటి మేజిస్ట్రేటే ఆ యుత్తరువును అమలుపరుపవచ్చును. ఉత్తరువు నకలు ఆమెకు ఉచితముగా నీయవలెను. ఆ మేజిస్ట్రేటు చూడవలసినవి రెండే: వీరు ఆ మనుష్యులేనా, పైకము చెల్లక యున్నదా. తగవు తిరిగి విచారించుట లేదు. గడువు మాత్రము ఒకటి కలదు. బాకీపడిన తేదీనుండి ఏడాదిలోగా దరఖాస్తు చేయనియెడల ఆ నెల పైకమునకు వారంటు దొరకదు. పెద్దమనిషి మాట నమ్మి ఆమె మరి నాలుగు నెలలు కూర్చున్నచో మొదటి నెల చేజారి యుండెడిది. తెలియని మాటను తెలిసినట్లు చెప్పువారివలన ఆడువారికి కలుగు నష్టము ఇట్టిది.

తీర్పు ఎల్ల దాటును గాని, రాష్ట్ర శాసనము దాటదు. ఈ భేదమును మన గృహస్థులు గుర్తింపవలెను. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమముగా పుట్టుకతో హక్కు నిచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చినది. ఆ తేదీకి ముందే పెండ్లియైనవారికి అది లేదు. ఒడిశాలో అట్టి సవరణయే లేదు. అచ్చటి ఆడుబిడ్డలు 2005 సెప్టెంబరు 9న కేంద్ర శాసనము వచ్చువరకు, అనగా ఇరువదేండ్లు, వేచియుండిరి. ఇటు పుట్టిన పిల్లకును అటు పుట్టిన పిల్లకును నడుమ నున్నది 1936లో గీచిన గీత. తండ్రులకు, అన్నలకు ఈ గీత యెంత సుఖముగా నుండెనో మేము చెప్పనక్కరలేదు.

మన యిల్లాలి దరఖాస్తు జయపురము వైపు కోర్టులో పడినది. అడ్డము వచ్చినది చట్టము కాదు, పేరు. మన ఉత్తరువులో అతనికి ఇంటిపేరు ముందున్నది; అచ్చట పనిచేయు చోట ఇంటిపేరే లేదు, ఉన్న పేరు ఒడియా లిపిలో మరియొక తీరున నున్నది. ఆ మనిషియే యీ మనిషి యని చూపుటకు పెండ్లినాటి ఫోటోయు, రేషను కార్డును పంపవలసివచ్చెను. రెండు వాయిదాలు దానికే పోయినవి. బస్సు ఖర్చులకు ఆమె చెవి కమ్మలు తాకట్టుపెట్టినది.

కార్తికములో మూడు నెలల పైకము ఆమె బ్యాంకు ఖాతాలో పడినది. తక్కిన దానికి వాయిదా యున్నది. పెద్దపిల్ల ఆ తేదీని తలుపు వెనుక సుద్దముక్కతో వ్రాసిపెట్టినది.