ఆరో వేలూ, మూలమట్టమూ

నా ఎడమచేతికి ఆరు వేళ్లున్నవి. చిటికెనవేలి పక్కన, దానికంటె చిన్నదిగా, గోరుతో సహా ఇంకొక వేలున్నది. మా అమ్మమ్మ దాన్ని అదృష్టపు వేలు అనేది. "వీడికి డబ్బుకు లోటుండదు" అని ఊళ్లోవాళ్లూ అనేవారు. (ఆ మాట నిజం కాలేదు, అది వేరే సంగతి.) అందుచేత ఏడో తరగతికి వచ్చేదాకా ఆ వేలు గురించి నాకు ఏ బెంగా లేదు.

1963లో ఒక డాక్టరుగారు మా బడికి వచ్చి పిల్లలందరినీ పరీక్ష చేశారు. కళ్లు, పళ్లు, ఎత్తు, బరువు చూసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క అట్ట మీద రాసి ఇచ్చారు. నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండానే ఏదో ఇంగ్లీషు మాట రాశారు. బయటికి రాగానే నా పక్క కుర్రవాడు అట్ట లాక్కుని, కూడబలుక్కుంటూ పైకి చదివాడు: "అబ్... నార్... మల్!"

ఆ మాటకు అర్థం మాలో ఎవరికీ తెలియదు. వాడు ఇంటికి వెళ్లి వాళ్లన్నను అడిగాడు. "అబ్నార్మల్ అంటే వంకరగా పుట్టినవాడని అర్థంట!" అని మర్నాడు క్లాసంతా చాటాడు. ఆనాటితో నా అసలు పేరు పోయింది. పలక్కపోతే మరీ గట్టిగా పిలిచేవారు. నేను ఎడమచెయ్యి లాగు జేబులోనుంచి తియ్యటం మానేశాను.

"అమ్మా, ఈ వేలు కోయించెయ్యవే" అని ఒక రాత్రి ఏడ్చాను.

"నువ్వు పుట్టగానే నీ వేళ్లు లెక్కపెట్టుకున్నానురా. ఒకటి ఎక్కువే ఇచ్చాడు దేవుడనుకున్నాను" అన్నది అమ్మ. ఆ తరవాత ఆవిడా కళ్లు తుడుచుకున్నది.

మా ఇంగ్లీషు మేష్టారు చెవిని ఈ సంగతి ఎట్లా పడిందో తెలియదు. ఒకనాడు బడి వదిలాక నన్ను నిలిపి, "ఆ మాటకు అర్థం నిఘంటువులో చూశావా?" అని అడిగారు. లేదన్నాను. ఆయన బీరువాలోంచి ఇటుకంత లావు పుస్తకం తీసి, వేలు పెట్టి చూపించారు. "అబ్" అంటే లాటిన్‌లో "నుంచి తొలగి" అని అర్థం. "నార్మా" అంటే వడ్రంగి వాడే మూలమట్టం!

"నార్మల్ అంటే మూలమట్టానికి సరిపోయినది. సరిపోనిది అబ్నార్మల్. బ్రహ్మాండమైన దాన్ని ఎనార్మస్ అంటాం చూడు, అదీ ఈ మాటకు చుట్టమే. మూలమట్టం దాటి బయటికి పోయిందన్నమాట" అన్నారు మేష్టారు.

మూలమట్టం మీరు చూసే ఉంటారు. ఒక పొడుగు బద్దకు ఇంకొక బద్ద నిటారుగా బిగించి ఉంటుంది. రెండు చెక్కలు కలిసేచోట దాన్ని ఆనించి, మూల సరిగా తొంభై డిగ్రీలున్నదో లేదో చూస్తారు. నేను తిన్నగా మా వీధి చివర వడ్రంగి తాత పాకకు పరుగెత్తాను.

"తాతా, నా చేతికి మూలమట్టం పెట్టి చూడు!"

తాత నవ్వలేదు. బాడిస కిందపెట్టి, మూలమట్టం తీసుకుని, నా బొటనవేలుకూ చూపుడువేలుకూ మధ్య ఆనించాడు. సరిపోలేదు. చిటికెనవేలి దగ్గర పెట్టాడు. సరిపోలేదు. తరవాత కాయలు కాచిన తన చేతికే పెట్టుకున్నాడు. అక్కడా సరిపోలేదు!

"ద్వారబంధానికి ఇది లేకపోతే తలుపు పట్టదబ్బాయీ. మరి ఆ బండిచక్రానికి పెట్టు చూద్దాం, ఎక్కడ నిలుస్తుందో" అని దాన్ని నా చేతికిచ్చాడు.

చక్రానికి పెట్టాను, జారిపోయింది. నాగలికీ కాడికీ పెట్టాను. రోకలికి కూడా పెట్టాను. ఆ పాకలో ఉన్నవాటిల్లో మూలమట్టానికి లొంగినవి ఒక ద్వారబంధమూ, రెండు పీటలూ మాత్రమే. చీకటిపడేదాకా అక్కడే తిరిగాను.

ఆ మాట మీద మక్కువ నాకు అప్పుడు పట్టుకున్నది, ఇంకా వదల్లేదు. పెద్దయ్యాక మరొక తమాషా తెలిసింది. గ్రీకు భాషలో "అనోమలోస్" అని ఒక మాటున్నది. సమంగా లేనిది, ఎగుడుదిగుడుగా ఉన్నది అని అర్థం. దానికీ మూలమట్టానికీ ఏ సంబంధమూ లేదు. కాని మధ్యయుగాల పండితులు అందులో "నార్మా" ఉన్నదని భ్రమపడి, దాన్ని "అనార్మల్" చేశారు. తరవాత, పందొమ్మిదో శతాబ్దంలో, లాటిన్ పోలిక చూసి ఇంగ్లీషువాళ్లు "అబ్నార్మల్" అన్నదాన్ని స్థిరపరిచారు. నన్ను వంకర అన్న మాట తానే అంత వంకరదారిన వచ్చింది!

రెండువేల ఏళ్లనాటి రోమన్ కవి హోరేసు, ఒఫెల్లుస్ అనే రైతును "అబ్నార్మిస్" అన్నాడు. అది తిట్టు కాదు. ఏ తత్వవేత్తల బడికీ చెందకుండానే తెలివైనవాడని మెచ్చుకోవటం. ఆ రోమన్లే, కోళ్లకు సాధారణంగా కాలికి నాలుగు వేళ్లుండగా, అయిదు వేళ్ల కోడిని మేలుజాతిదని ఎంచారట. కొలుమెల్లా అనే ఆయన తన వ్యవసాయ గ్రంథంలో ఆ సంగతి రాశాడు. ఇంగ్లండులో డార్కింగ్ జాతి కోళ్లకు ఇప్పటికీ అయిదేసి వేళ్లుంటాయి. ఆ జాతిలో నాలుగు వేళ్ల పిల్ల పుడితేనే వింత!

ఇక నా వేలి సంగతి. తల్లి గర్భంలో మన చెయ్యి మొదట తెడ్డులాగా ఉంటుంది. రెండు నెలలు నిండేలోగా మధ్య మధ్య కణాలు నశించి, వేళ్లు విడివడతాయి. ఎన్ని వేళ్లు కావాలో చెప్పే సంకేతం కొంచెం హెచ్చినా ఆరో వేలు వస్తుంది. నా వేలు నొప్పి పెట్టదు, పనికి అడ్డం రాదు. కనక తీయించలేదు. ఆ డాక్టరుగారు కూడా తన లెక్క ప్రకారం ఉన్నది ఉన్నట్టే రాశారు. ఆయన మీద నాకు కోపం లేదు.

మేష్టారు చూపించిందీ, తాత పాకలో జరిగిందీ నేను మర్నాడే క్లాసులో చెప్పాను. దాంతో నా మారుపేరు పోలేదు గాని, మారింది. ఆనాడు అట్ట లాక్కున్న కుర్రవాడు ఇప్పుడు మనమల్ని ఎత్తుకుంటున్నాడు. పండగనాడు టెలిఫోను చేస్తే వాడు మొదట అనే మాట, "ఏమిరా మూలమట్టం, బాగున్నావా?"