రెండు గంటలకోసారి

పుణెలో ఖడ్కీ పారాప్లెజిక్ రిహాబిలిటేషన్ సెంటర్‌కి నేను వెళ్లింది ఒక మధ్యాహ్నం. వెన్నుపాము దెబ్బతిని నడుము కిందో, మెడ కిందో కదలిక పోయిన జవాన్ల కోసం 1974లో పెట్టిన కేంద్రమిది. కేంద్రీయ సైనిక్ బోర్డు గ్రాంటుకి దాతల విరాళాలు తోడై నడుస్తోంది.

చక్రాల కుర్చీల్లో ఆడే బాస్కెట్‌బాల్, నోటితో కుంచె పట్టి వేసిన బొమ్మలు ముందు చూశాను. పదిమందికీ చూపించాల్సినవే. కానీ నా మనసు ఆగిపోయింది వరండాలో కూర్చున్న ఒక శ్రీకాకుళం జవాను దగ్గర.

"మనోళ్లేనా సార్?" అని పలకరించాడు. మాట్లాడుతూనే కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి ఒళ్లంతా పైకెత్తాడు. కాసేపు అలాగే ఉండి మెల్లగా దిగాడు. పావుగంటకి మళ్లీ అదే పని. స్పర్శ లేనిచోట ఒరుసుకుపోతున్నా నొప్పి తెలియదు. చర్మం ఎర్రబడుతుంది, పుండవుతుంది, ఎముకదాకా పోతుంది. చీము రక్తంలో కలిస్తే ప్రాణానికే ముప్పు. అందుకే మంచం మీద ఉన్నవాళ్లని రాత్రంతా రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. చేతులు కూడా ఆడనివాళ్లకి ఇంకొకరి చేతులే దిక్కు.

"వచ్చినోళ్లు ఆట చూసి ఫోటో దిగి వెళ్తారు సార్, సంతోషమే. నాకు ఆరేళ్లుగా పుండు పడలేదు. దానికి ఫోటో ఎలా తీస్తారు?"

ఆ ప్రశ్న ఇంకా నన్ను వదల్లేదు. మాజీ సైనికుల పేరిట దాతలకు వచ్చే కరపత్రాలు చాలా చదివాను. ఇన్ని వీల్‌చైర్లు పంచాం అని ఉంటుంది. చక్రం అరిగిపోయాక, గాలి పరుపు చిల్లుపడ్డాక ఎవరు చూశారో ఉండదు. జాలి పుట్టించే ఫోటోకి డబ్బు రాలుతుంది, నిజమే. దేశం కోసం నిలబడ్డ మనిషిని జాలి బొమ్మగా చూపించడం నాకు మాత్రం తప్పుగానే తోస్తుంది. పుండు పడకుండా గడిచిన నెలలు, ఆసుపత్రి మెట్లెక్కని ఏడాదులు లెక్కగట్టి చెప్పాలి. అసలు చిక్కు మనలోనూ ఉంది. జీతాలకైతే ఇవ్వం, వస్తువులకే ఇస్తాం అంటాం. అర్ధరాత్రి లేచి ఒత్తిగిలించే మనిషికి జీతమే కదా అక్కడి సేవ!

1949 నుంచి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుపుకుంటున్నాం. ఈసారి మాజీ సైనికుల కోసం ఏ సంస్థకి విరాళమిచ్చినా, రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో అడగండి. నా డబ్బు వాళ్ల జీతానికే వాడండని చెప్పండి.