వంటయింటి గట్టు

గత సంవత్సరము జోగిపేటలోని మా వంటయింటిని బాగుచేయించితిమి. పొయ్యిగట్టునకు క్వార్ట్జు అను కృత్రిమశిలను, దాని వెనుక గోడకు తాండూరు నాపరాతి పలకలను ఎంచుకొంటిమి.

కృత్రిమశిలలో నూటికి 90 పాళ్ల వరకు పలుగురాతి పొడి. తక్కినది రెజిన్ అను బంక. పులుసు చిందినను చెడదు గాని, కాగిన గిన్నె నుంచినచో బంక కమిలి మచ్చపడును. నాపరాయి వేడిని తాళును. సున్నపురాయి జాతి యగుటచే చింతపండు, నిమ్మరసము తగిలిన మెఱుగు మాయును.

ఇంతవరకు విచారించితిమి గాని, కోతను గూర్చి తలపనే లేదు. మా పెరటిలో పలకను కోయుచుండగా తెల్లని దుమ్ము క్రమ్మెను. పనివాడు ముక్కునకు తువాలు చుట్టుకొని దగ్గుచుండెను. ఆ దుమ్మువలన ఊపిరితిత్తులు గట్టిపడి, సిలికోసిస్ అను మానని వ్యాధి కలుగును. అందుచేతనే ఆస్ట్రేలియాలో 2024 జూలై 1 నుండి యీ శిలను నిషేధించిరి. వెంటనే పని నాపించి, నీటితో తడుపుచు కోయు యంత్రమున్న చోటికి పలకను పంపితిమి. రెండు దినములు ఆలస్యమైనది. అంతకు మించిన నష్టము లేదు.

మీరును రంగు, వెల అడుగునప్పుడే, కోత యెట్లు జరుగునో కూడ అడుగుడు. మన గట్టు నునుపు ఒకరి యూపిరికి చేటు కారాదు గదా!