క్షమాపణ మెవరి నడుగవలెను?

ఈస్టరు పండుగకు ముందు, ఆదివారములను విడిచి లెక్కింపగా వచ్చు నలువది దినములను కథోలికులు తపస్సుకాల మందురు. తక్కిన క్రైస్తవులలో పలువురు శ్రమదినము లందురు. మొదటిదినమగు విభూది బుధవారమున కథోలికులు, వెనుకటియేటి మ్రానికొమ్మల పండుగనాటి మట్టలను కాల్చిన బూడిదను నుదుట ధరింతురు. దేహము తుదకు బూడిదయే యని తలపించు ఈ యాచారము భస్మధారణ మెఱిగిన మనకు వింత గాదు. 2025లో ఆ దినము మార్చి 5న వచ్చెను. రంజాను ఉపవాసములు అంతకు మూడుదినముల ముందే యారంభమయ్యెను. నుదుట బూడిదగలవారును, ఉపవాసము విడుచుటకు ఖర్జూరములు కొనువారును అమీర్‌పేట బజారులో ఒక్క త్రోవనే నడచిరి.

ఈ దినములలో తఱచు వినవచ్చు మాట 'శోధన'. తెలుగు బైబిలు అనువాదకులు 'ప్రలోభము' అనక ఈ పదమునే గ్రహించిరి. సంస్కృతమున శోధన మనగా శుద్ధిచేయుట. వైద్యుడు పాదరసమును శోధించును. మూలమందలి గ్రీకుపదమునకును పరీక్ష, ప్రలోభము అను రెండర్థములు గలవు.

ఏసు అరణ్యమున నలువది దినము లుపవసించినపుడు అపవాది ఆయనను ఎత్తయిన కొండపై నిలిపి లోకరాజ్యముల వైభవమును జూపెనట. 2018 సెప్టెంబరులో అమీర్‌పేటనుండి పంజాగుట్ట మీదుగా మెట్రోబండ్లు నడవ నారంభించిన పిదప మనకు కొండతో పనిలేకపోయినది! కిటికీలోనుండి చూచిన నగల దుకాణముల ప్రకటనలు, కొలువుల కాశచూపు శిక్షణాలయముల పలకలు. అయినను ఇవి చిన్న శోధనలు. సంచిలో సొమ్ము లేనివానిని నగ యేమి చేయగలదు? మర్యాదగల గృహస్థునకు వచ్చు శోధన వేఱు. తాను తప్పు చేయజాల ననుకొనుట యది.

అమీర్‌పేటలో నే నెఱిగిన యొక యింట బంగారు గాజు కనబడకపోయెను. అంట్లుతోము క్రైస్తవస్త్రీని వీధివాకిట నిలిపి, నలుగురు వినుచుండగా దొంగ యనిరి. పోలీసుల పేరు చెప్పి బెదరించిరి. పదునైదు దినములకు గాజు పట్టుచీర మడతలో దొరకెను. ఇల్లాలు చెడ్డది కాదు. ఆమెను పిలిపించి, వంటయింటిలో క్రొత్తచీర యిచ్చి, నెలజీతము అదనముగా నిచ్చి, మరల పనిలో పెట్టుకొనెను. నేను పలుకరింపగా ఆమె చెప్పినది: "ఈ నలబై రోజులు మనసుల కోపం పెట్టుకోవద్దని పాస్టరుగారు చెప్పిండ్రు సారూ. నేను మాఫ్ చేసిన. అమ్మ మాత్రం అడగనే లే."

క్షమాపణ మను పదమును గమనింపుడు. దేవళమున పాపక్షమాపణ మన్న దేవుడు మన్నించుట. వీధిలో క్షమాపణ చెప్పుట యన్న తప్పుచేసినవాడు వేడుకొనుట. వ్యాకరణరీత్యా రెండవ యర్థమే సరియైనది: ఎదుటివారిచే క్షమింపజేసికొనుట. మనము పూజాంతమున అపరాధక్షమాపణ పఠింతుము. మంత్రలోపమునకు దేవుని వేడుట సులభము. ఆయన రేపు మన యింటికి అంట్లుతోమ రాడు. కథోలికుల పాపసంకీర్తనమందును గురువు వినినంత మాత్రమున ఋణము తీరదు; అపహరించినది సొంతదారునకు తిరిగి ఈయవలెను. బలిపీఠముకడ కానుక నుంచి, ముందు సోదరునితో సమాధానపడి రమ్మని ఏసే చెప్పినట్లు మత్తయి వ్రాసెను. జైనులు సంవత్సరీనాడు ఒకరినొకరు క్షమాపణ మడుగుదురు.

ఈ మాట యా యింట కదపితిని. "చీర యిచ్చితిమి గదా, పనిమనిషిని వేడుకొనుట కూడనా?" అని యజమానుడు నవ్వెను. పైగా ఆమె క్షమాగుణమును మెచ్చుకొనెను. దొంగ యన్న మాట విని ఆమెను మాన్పించిన పొరుగిండ్లు రెండు గలవు. గాజు దొరకిన సంగతి వారి కింకను ఎవరును చెప్పలేదు.