అగ్గిపుల్ల తల

తలకి ఎర్రరంగు వేయించుకోవడం ఒక పూట పని. దాన్ని నిలబెట్టుకోవడం... అబ్బో, అది వేరే కథ! ఆ కథే చెబుతానిప్పుడు.

నేను సినిమాల్లో గ్రూప్ డాన్సర్ని. పేరెందుకు లెండి, చెప్పినా మీకు తెలీదు. హీరో వెనకాల పాతికమంది ఊగుతుంటారు చూశారూ, వాళ్లలో ఎడంపక్క నుంచి మూడో అమ్మాయినో, నాలుగో అమ్మాయినో అయి ఉంటాను. ఉండేది హైదరాబాద్ కృష్ణానగర్లో, మరో ఇద్దరితో కలిసి ఒకే గదిలో. 2023 వేసవిలో ఒక పాటకి డాన్స్ మాస్టారు మాలో ఆరుగురిని ఏరి, "మీకు ఎర్రజుట్టు. విగ్గులొద్దు, గెంతితే ఊడతాయి" అన్నారు. ఆ ఆరుగురిలో నేనూ ఉన్నాను. మొదటి వరస! నాలుగేళ్లుగా కలలుకంటున్న వరస. రంగేమిటి, గుండు కొట్టించుకోమన్నా ఊ అనేదాన్నే.

రంగుకి రెండు రోజుల ముందు చెవి వెనక కాస్త రాసి చూశారు, దురదా దద్దుర్లూ వస్తాయేమోనని. ఈ పని దండగ అనుకోకండి. రంగు పడనివాళ్లకి మొహం బూరెలా వాచిపోతుంది. నాకేమీ కాలేదు. మన జుట్టు నలుపు కదా, దాని మీద ఎంత ఎరుపు పూసినా నల్లపలక మీద ఎర్రసిరాతో రాసినట్టే. అందుకని ముందు బ్లీచ్ పెట్టి, అరటిపండు తొక్క రంగుకి దింపి, అప్పుడు ఎరుపు ఎక్కించారు. అద్దంలో చూసుకుంటే దానిమ్మగింజ! అక్కడున్న అద్దాలన్నిట్లోనూ చూసుకున్నాను.

ఫోన్లో ఫొటో చూసి మా తాతయ్య పగలబడి నవ్వాడు. తెనాలి దగ్గర పల్లె మాది. నన్ను చిన్నప్పుడు సైకిలు ముందు కడ్డీ మీద కూచోబెట్టుకుని తెనాలిలో సినిమాలకి తిప్పింది ఆయనే. మనిషిని సన్నగా ఉంటాను, పైన ఎర్రటి తల. "ఒసే, అచ్చం అగ్గిపుల్లవే!" అన్నాడు. ఆరోజు నుంచి నాకు అదే పేరు.

పాట సగం అయింది. అయిదోరోజున హీరోగారి కాలు బెణికింది. మిగతా సగం నలభై రోజుల తరవాత అన్నారు. మా హెయిర్ డ్రెస్సర్ అక్క మా ఆరుగుర్నీ నిలబెట్టి చెప్పింది: "ఇదే ఎరుపు నాకు మళ్లీ కావాలి. బ్లీచ్ మళ్లీ పెడితే మీ జుట్టు పీచయిపోతుంది. కంటిన్యుటీ పోయిందా, వెనక వరసే!"

ఎరుపే ఎందుకింత తొందరగా పోతుంది అనడిగాను. వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి పొర ఉంటుందట. బ్లీచ్ ఆ పొలుసుల్ని లేపేస్తుంది. లేచినవి మళ్లీ సరిగ్గా మూసుకోవు. మాకు వేసిన మెరుపు రంగులు లోపలికంటా వెళ్లి పాతుకునే రకం కాదు, పైపొరల్లోనే సర్దుకుని కూచుంటాయి. "అద్దెకున్నవాళ్లలాగా అన్నమాట. నీళ్లు పోసినప్పుడల్లా కొందరు ఖాళీ చేసి పోతారు" అంది. కృష్ణానగర్లో ఉన్నదాన్ని, నాకు వెంటనే అర్థమైపోయింది.

ఇక మొదలైంది నా తపస్సు. వేడినీళ్లు మానేశాను, వేడికి వెంట్రుక ఉబ్బి రంగు వదిలేస్తుంది కాబట్టి. వారానికి ఒక్క తలస్నానం, అదీ చన్నీళ్లు. మామూలు షాంపూలో నురగ తెప్పించే సల్ఫేట్లు మురికితోపాటు రంగునీ పట్టుకుపోతాయని, అవి లేని షాంపూ కొన్నాను. దాని ధరతో మా గదికి రెండు వారాల కూరగాయలొస్తాయి! ఎండ కూడా రంగుని విరగ్గొడుతుంది. బయటికెళితే తలకి చున్నీ. నన్ను చూసి మా వీధి చివర బడ్డీకొట్టాయన, ఈ పిల్లెవరో పెద్ద హీరోయిన్, మొహం దాచుకు తిరుగుతోందనుకున్నాడట. ఈతకొలనులో క్లోరిన్ మరీ ప్రమాదమన్నారు. ఆ బెంగ నాకు లేదు, మా గదిలో బకెట్టే గతి.

అన్నిటికన్నా పనికొచ్చింది అక్క ఇచ్చిన చిన్న డబ్బా. కండిషనర్లో అదే ఎర్రరంగు కాస్త కలిపి ఇచ్చింది. తలస్నానం అయ్యాక పట్టించి, పావుగంట ఆగి కడిగితే, పోయినంతలో కొంత తిరిగొచ్చేది. చేతులకి తొడుగులు మర్చిపోతే మాత్రం రెండు రోజులు హంతకురాలి చేతులే.

మీరు 1998లో వచ్చిన జర్మన్ సినిమా 'రన్ లోలా రన్' చూశారా? సినిమా అంతా ఎర్రజుట్టుతో పరిగెత్తే అమ్మాయి ఫ్రాంకా పొటెంటే. రంగు నీళ్లకి ఆగదని ఆవిడ షూటింగు జరిగిన ఏడు వారాలూ తల కడగలేదని చెబుతారు! ఆ సంగతి చదివాక ఆవిడ మీద నాకు భక్తి కలిగింది. ఇంకో తమాషా. 'గిల్డా'తో 1946లో లోకాన్ని ఊపేసిన రీటా హేవర్త్ అసలు జుట్టూ ముదురు రంగే. ఎరుపు వేయించుకున్నాకే పెద్ద తార అయింది. తీరా చూస్తే ఆ 'గిల్డా' నలుపు తెలుపు సినిమా! వెలిసినా ఎవరికీ తెలియదు. అదృష్టవంతురాలు.

మా అమ్మమ్మకి మాత్రం ఈ గొడవంతా వింత. ఆవిడది నెరిసిన జుట్టు. దొడ్లో గోరింటాకు రుబ్బి పెట్టుకుంటుంది, ఇటికరాయి రంగులో మెరుస్తుంది. "నాది కుంకుడుకాయతో రుద్దినా పోదు, నీ వేలరూపాయల రంగు నీళ్లకే పోతుందేమిటే?" అంది ఫోన్లో. నిజమే! గోరింటాకులో లాసోన్ అనే పదార్థం వెంట్రుకలోని కెరాటిన్‌ని గట్టిగా పట్టుకుంటుంది. అది అద్దె మనిషి కాదు, ఇంటల్లుడు. నేనూ పెట్టుకుందునేమో గానీ, గోరింట ఎరుపు వేరు, దానిమ్మ ఎరుపు వేరు. ఒకసారి పట్టిందంటే తీసే దారీ లేదు. పైగా పాకెట్లలో హెన్నా అని అమ్మేవాటిలో కొన్నింట్లో లోహపు లవణాలు కలుస్తాయి. బ్లీచ్‌తో కలిస్తే జుట్టు మాడిపోతుందని అక్క భయపెట్టింది.

ముప్ఫై మూడో రోజు తెల్లవారుజామున ఫోనొచ్చింది. తాతయ్య పోయాడు.

నిద్రలోనే పోయాడట. మొదటి బస్సు పట్టుకుని వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. నాకోసమే ఆపారు. చున్నీ తీయకుండానే ఆయన కాళ్ల దగ్గర కూచున్నాను. శవం లేచాక ఇల్లు కడిగారు. ఇక అందరూ వరసగా తలస్నానాలు, దొడ్లో బోరింగు దగ్గర.

అప్పుడు... చెప్పడానికి సిగ్గుగానే ఉంది. నా వంతు దగ్గరికొస్తుంటే, తాతయ్య గుర్తుకు రావడం మానేసి రోజులు లెక్కపెడుతున్నాను. షూటింగుకి ఇంకా ఏడు రోజులు. మొన్ననే తల కడిగాను. ఇది చేస్తే మళ్లీ దినం నాడు ఎలాగూ తప్పదు. ఆ బోరునీళ్లు ఉప్పు. డబ్బా హైదరాబాదులో ఉండిపోయింది.

మా అమ్మకి నా మొహం చూస్తే చాలు. దగ్గరకొచ్చి చెవిలో, "కంఠస్నానం చేసి వచ్చేయవే. ఎవరైనా అడిగితే నేను చెబుతాలే. నీ పని పోకూడదు" అంది. అమ్మ అంత మాట అంటుందని నేననుకోలేదు. ఆచారాలంటే ప్రాణమిచ్చే మనిషి. పోయింది ఆవిడ తండ్రి.

చెంబు చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. సైకిలు గోడకే ఆనించి ఉంది. దాని ముందు కడ్డీకి నాకోసం తాతయ్య చుట్టిన తువ్వాలు గుడ్డ, చీకిపోయి, ఇంకా అలాగే ఉంది. చెంబు ఎత్తి నెత్తి మీద పోసుకున్నాను. ఒకటి కాదు, బకెట్టంతా. ఎర్రనీళ్లు సిమెంటు చప్టా మీదుగా కాలవలోకి పోతుంటే మా పెద్దమ్మ చూసి, "అయ్యో, పిల్ల తల పగిలిందర్రా!" అని ఒకటే కేక. అందరూ పరిగెత్తుకొచ్చారు. రంగని తెలిశాక, అంత ఏడుపులోనూ ఎవరో ఫక్కున నవ్వారు. ఎవరా అని చూస్తే అమ్మమ్మ. "ఆయనుంటే ఏమనేవాడో" అంది. మళ్లీ ఏడ్చింది.

దినానికి మళ్లీ నీళ్లు. దానిమ్మ కాస్తా నారింజ అయింది, నారింజ కాస్తా ఎండిన నారింజ తొక్క అయింది. షూటింగు రోజు అక్క నా తలని చూసి నోట మాట లేకుండా నిలబడింది. సంగతి చెప్పాను. తిట్టలేదు. పక్కన కూచోబెట్టి తను దాచుకున్న రంగు కలిపి, అరగంటసేపు పట్టించి, చేతనైనంత చేసింది. చేతనైనంత అంటే ముప్పాతికే. కెమెరామన్ గారు లెన్సులోంచి చూసి, "ఆ అమ్మాయిని వెనక్కి పంపండి" అన్నారు. రెండో వరసకి వెళ్లాను. చీకటి పడ్డాక లైట్లలో తీసిన చరణానికి మాత్రం మాస్టారే చెయ్యి పట్టి ముందుకి లాక్కొచ్చారు. రాత్రి లైట్లలో ఎవరి ఎరుపైనా ఎరుపే.

మరుసటి ఏడాది సినిమా వచ్చింది. సంవత్సరీకం అయిపోయాక అమ్మమ్మని బతిమాలి తెనాలి తీసుకెళ్లాను. ఆటోలో, సైకిలు మీద కాదు. పాట మొదలైంది. పల్లవిలో దానిమ్మగింజలా నేను, మొదటి వరసలో. మొదటి చరణంలో రెండో వరసలో, ఎండిన నారింజ తొక్కలా నేను. రెండో చరణంలో మళ్లీ ముందుకి. హాల్లో ఈలలు, కేకలు. ఒక్క మనిషైనా గమనించలేదు, అమ్మయ్య అనుకున్నాను.

అమ్మమ్మ నా చెవి దగ్గరకొచ్చింది.

"మధ్యలో వెనక్కెళ్లింది, వెలిసిపోయిన అగ్గిపుల్ల... నువ్వేగా?"