ఎవరి దినాల లెక్క వారి చేతిలో



2027 సంఘ డైరీ నమూనా కాగితాలు చూసిన దగ్గర్నుంచి చాలామంది మమ్మల్ని ఒకటే అడుగుతున్నారు. "అయ్యగారూ, ఇన్ని తేదీలు ఎవరు కూర్చుని కొట్టారు?" అని. చుట్టుపక్కల సంఘాల సేవకులు కూడా ఫోన్ చేసి, తమ సంఘాలకు ఇలాంటిది ఎలా చేసుకోవాలో చెప్పమన్నారు. తేదీలు ఎవరూ కొట్టలేదు. మేము రాసింది ఒక్క తేదీ. మిగతా 370 తేదీలు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. అది ఎలాగో ఈ వారం చెప్తాము. దానికంటే ముందు, అసలు డైరీ ఎందుకో చెప్పాలి.

నిర్గమకాండము 12వ అధ్యాయం ఒకసారి తెరిచి చూడండి. ఇశ్రాయేలీయులు ఇంకా ఐగుప్తులోనే ఉన్నారు. సంకెళ్లు తెగలేదు, సముద్రం చీలలేదు. ఆ స్థితిలో దేవుడు మోషే అహరోనులతో మొదట మాట్లాడింది నెలల గురించి. ఈ నెల మీకు మొదటి నెల అని లెక్క పెట్టి ఇచ్చాడు. పస్కా గొఱ్ఱెపిల్ల మాట ఆ తర్వాత వచ్చింది. ఎందుకు? 5వ అధ్యాయంలో కనబడుతుంది. ఫరో దగ్గర ఇటుకలకు లెక్క ఉంది, ఏ రోజు పని ఆ రోజుకు లెక్క ఉంది. ఆ లెక్కంతా పనివారిని ఆడించేవారి చేతిలో ఉంది. దాసునికి తనదంటూ ఒక తేదీ ఉండదు. అందుకే విడుదలకు ముందే దేవుడు వారి చేతిలో ఒక క్యాలెండర్ పెట్టాడు.

మన సంఘంలో చాలామంది కూలికి వెళ్లేవారు, కౌలుకు చేసేవారు. మిరపకోతకు ఎన్ని రోజులు వెళ్లారో మేస్త్రి పుస్తకంలో ఉంటుంది. ఉపాధి పని దినాలు మస్టర్‌లో ఉంటాయి. అప్పు తెచ్చిన తేదీ, వడ్డీ కట్టిన తేదీ అప్పిచ్చినవారి పుస్తకంలో ఉంటాయి. మన ఇంట్లో ఏముంటుంది? గోడ మీద క్యాలెండర్, దాని మీద పాలవాడి గీతలు. మన సహోదరి ఒకామెకు భర్త చనిపోయిన మూడో నెలలో అప్పు మనిషి వచ్చి బాకీ అంతా అలాగే ఉందన్నాడు. ఆయన రెండుసార్లు కట్టాడని ఆమెకు తెలుసు. ఎప్పుడు కట్టాడంటే చెప్పలేకపోయింది. "పత్తి అమ్మినప్పుడు" అంది. అవతలివాడు పుస్తకం తెరిచి చూపించాడు. పుస్తకం ముందు మాట నిలబడలేదు. ఆమె ఆ డబ్బు మళ్లీ కట్టింది. ఆ రోజు పెద్దలతో కూర్చుని, ప్రతి ఇంటికీ ఒక డైరీ ఉండాలని తీర్మానించుకున్నాము.

కొని పంచవచ్చు కదా అని కొందరు అడిగారు. దుకాణంలో దొరికే డైరీలు చాలావాటిలో తేదీలు ఇంగ్లీషులో ఉంటాయి. పైగా ఆఫీసుకు వెళ్లేవారి కోసం చేసినవి కాబట్టి శని, ఆదివారాలను ఒకే పేజీలో సర్దేస్తారు. ఆదివారానికి అరపేజీ! మనకు కావలసింది వేరు. ఆదివారానికి నిండు పేజీ కావాలి. వాక్యం రాసుకోవడానికి, ప్రార్థన మనవులకు చోటుండాలి. మిగతా ఆరు రోజులు పేజీకి రెండు చొప్పున మూడు పేజీలు చాలు. మొత్తం వారానికి నాలుగు పేజీలు. ఒక ఏ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే సరిగ్గా నాలుగు పేజీలే వస్తాయి. అంటే ఒక వారం ఒక కాగితం. ఇది కుదిరాక పని సగం తేలికైంది.

ఇప్పుడు తయారీ సంగతి. మేము వాడింది ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్. 2003లో మొదలైంది, ఉచితం, ఎవరైనా దింపుకోవచ్చు. ఇందులో గీసే బొమ్మలు వెక్టర్ బొమ్మలు. అంటే ఫోటోలాగా చుక్కలతో కాకుండా, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కొలతలతో దాచుకుంటుంది. ఎంత పెద్దది చేసినా అంచు పగలదు. దీని ఫైలును ఎస్‌వీజీ అంటారు. ఎస్‌వీజీ లోపల ఉండేది మామూలు అక్షరాలే, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. అక్షరాలే గనుక ఒక మాట తీసి ఇంకో మాట పెట్టడం కంప్యూటర్‌కు చాలా సులువు. డైరీ మొత్తం ఈ ఒక్క సంగతి మీదే నిలబడింది.

మేము గీసింది 53 వారాలు కాదు, ఒక్క వారం. కాగితం ముందు వైపు ఒక బొమ్మ, వెనుక వైపు ఒక బొమ్మ. ముందు వైపున కుడి సగంలో ఆదివారం, ఎడమ సగంలో శుక్ర, శనివారాలు. వెనుక వైపున ఎడమ సగంలో సోమ, మంగళ, కుడి సగంలో బుధ, గురువారాలు. మడిచి చూస్తే ఆదివారం మొదటి పేజీ అవుతుంది, శనివారం చివరికి వస్తుంది. తేదీ ఉండాల్సిన చోట తేదీ రాయలేదు. పర్సెంట్ గుర్తు, దాని వెంట వార్ అనే మూడు ఇంగ్లీషు పెద్దక్షరాలు, అండర్‌స్కోర్, మేము పెట్టుకున్న పేరు, మళ్లీ పర్సెంట్ గుర్తు రాశాము. పెళ్లిలో పీట వేసి, కూర్చునేవారి పేరు చెప్పి ఉంచినట్టు.

ఆ పీటల మీద కూర్చునేవారు లిబ్రాఫీస్ క్యాల్క్ అనే లెక్కల పట్టికలో ఉంటారు. మొదటి వరుసలో పేర్లు, రెండో వరుస మొదటి గడిలో 2026 డిసెంబర్ 27 అని రాశాము. 2027 జనవరి 1 శుక్రవారం కాబట్టి, ఆ వారపు ఆదివారం అది. పక్క గడిలో, దీనికి ఒకటి కలుపు అని సూత్రం. కింది గడిలో, పైదానికి ఏడు కలుపు అని సూత్రం. మూల పట్టుకుని 53 వరుసలు కిందికి లాగితే 371 తేదీలు నిండాయి. వారం పేరు కోసం వీక్‌డే అనే సూత్రం ఉంది. అది ఆదివారాన్ని 1 అని లెక్కపెడుతుంది. ఒకటికి ఆదివారం, రెండుకు సోమవారం అని తెలుగులో రాసి ఇస్తే చాలు.

ఈ పట్టికను సీఎస్‌వీగా దాచాలి. అప్పుడు అక్షరాల పద్ధతి అడుగుతుంది, యూటీఎఫ్-8 ఎంచుకోండి. లేకపోతే తెలుగు చెడిపోతుంది. గడిలో కనబడినట్టే దాచు అన్న చోట టిక్ పెట్టండి. తెలుగు ఫాంటు యూనికోడ్‌దై ఉండాలి. డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్‌కు వాడే అను ఫాంట్లతో ఈ పని జరగదు, అవి వేరే పద్ధతిలో అక్షరాలు దాచుకుంటాయి. తర్వాత ఇంక్‌స్కేప్‌లో నెక్స్ట్‌జనరేటర్ అనే ఎక్స్‌టెన్షన్‌కు ఈ సీఎస్‌వీ చూపిస్తే, వరుసకు ఒకటి చొప్పున పీడీఎఫ్‌లు తయారవుతాయి. ముందు వైపు 53, వెనుక వైపు 53. ఫైళ్ల పేర్లలో 1, 2 అని కాకుండా 01, 02 అని ఉండాలి. లేకపోతే 2 కంటే ముందు 10 వచ్చి నిలబడుతుంది. అన్నిటినీ వరుసగా కలిపి ఒకే పీడీఎఫ్ చేశాము. అక్షరాలను గీతలుగా మార్చి ఇస్తే ప్రెస్సులో మన ఫాంటు లేకపోయినా ఒత్తులు చెదరవు. ఒక డైరీకి 53 కాగితాలు, 120 డైరీలకు 6,360.

పండుగలకు వేరే జాబితా పెట్టాము. క్రిస్మస్ తేదీ కదలదు, ఈస్టర్ కదులుతుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారం అది. 2027లో మార్చి 22 పౌర్ణమి, 28 ఈస్టర్. క్యాల్క్‌లో దీనికి ఈస్టర్‌సండే అనే సూత్రమే ఉంది, సంవత్సరం ఇస్తే తేదీ ఇస్తుంది. అందులోంచి రెండు తీస్తే మంచి శుక్రవారం, 46 తీస్తే భస్మ బుధవారం, 49 కలిపితే పెంతెకొస్తు.

అమావాస్య, పౌర్ణమి గుర్తులు ఎందుకు వేశారని కొందరు పెద్దలు అడిగారు. మంచి ప్రశ్నే. ఆదికాండము మొదటి అధ్యాయంలో నాలుగో దినాన దేవుడు జ్యోతులను నియమించింది కాలాలను, దినాలను, సంవత్సరాలను సూచించడానికే. చంద్రుణ్ణి చూసి భయపడటం వేరు, చంద్రుణ్ణి చూసి లెక్క పెట్టుకోవడం వేరు. మన పునరుత్థాన పండుగ కూడా ఆ లెక్క మీదే వస్తోంది. చదువురాని అవ్వలకు తెల్ల గుండ్రం, నల్ల గుండ్రం చూస్తే ఏ పక్షంలో ఉన్నామో తెలుస్తుంది.

కువైట్‌లో ఉన్న మన బిడ్డలు ఒక మాట అడిగారు. "అయ్యగారూ, మాకు సెలవు శుక్రవారం, ఆరాధన కూడా ఆ రోజే. మాకు శుక్రవారం పెద్ద పేజీ కావాలి" అని. మొదటి గడిలో డిసెంబర్ 27 తీసి 2027 జనవరి 1 పెట్టాము. ఒక్క గడి మారగానే 371 తేదీలు, వారాల పేర్లు, పండుగలు అన్నీ సర్దుకున్నాయి. గీసిన బొమ్మను ముట్టుకోలేదు. ఆ పీడీఎఫ్ వారికి పంపాము, అక్కడే ముద్రించుకుంటారు. విశ్రాంతి దినాన్ని గురించి ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం చెప్పే కారణం మీకు గుర్తుండాలి. మీరు దాసులై ఉన్నారు, అక్కడినుంచి తేబడ్డారు గనుక ఆ దినం మీది. యజమాని ఇంట్లో వంట చేసే మన చెల్లెళ్లకు, తారు రోడ్ల మీద పనిచేసే మన తమ్ముళ్లకు ఆ నిండు పేజీ అవసరం మనకంటే ఎక్కువ.

ఇంకొక మనవి కూడా వచ్చింది. పైన చెప్పిన సహోదరి, తన భర్త ప్రభువునందు నిద్రించిన తేదీ దగ్గర ఆయన పేరు వేయమంది. మిగతావారు కూడా అడిగారు. విశేషం అని ఒక గడి చేర్చి, ఇప్పటివరకు ఇచ్చిన పేర్లన్నీ వేశాము. ఏడాదికి 52 వారాల మీద ఒక రోజు మిగులుతుంది గనుక ప్రతి తేదీ ఏటా ఒక రోజు ముందుకు జరుగుతుంది, లీపు దినం దాటితే రెండు. ఈ ఏడు సోమవారం వచ్చింది వచ్చే ఏడు మంగళవారం వస్తుంది. పట్టిక ఆ లెక్క చూసుకుంటుంది, పేరు మాత్రం మనం ఇవ్వాలి. ఇంకా ఇవ్వనివారు ఉంటే ఈ ఆదివారం లోపు సంఘ పెద్దలకు చెప్పండి.

కాబట్టి ప్రియులారా, డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో డైరీ అందుకున్నాక దాన్ని దేవుని పటం దగ్గర పెట్టినట్టు బీరువాలో పెట్టకండి. కూలి ఎంత వచ్చింది, ఎవరికి ఎంత కట్టారు, బిడ్డకు టీకా ఎప్పుడు వేశారు, టీబీ మందు ఈ పూట వేసుకున్నారా లేదా, రాత్రి పడుకునే ముందు ఒక్క గీత రాయండి. డబ్బు కట్టినప్పుడు తీసుకున్నవారి చేత అదే పేజీలో సంతకం పెట్టించండి. రాయడం రానివారికి మన యౌవనస్థులు ఆదివారం ఆరాధన తర్వాత ఉండి రాసిపెడతారు. 90వ కీర్తన మోషే ప్రార్థన. ఫరో దేశంలో పుట్టి, తన జనుల దినాలు ఇంకొకరి లెక్కలో పోవడం కళ్లారా చూసినవాడు, తమ దినాలను లెక్కపెట్టడం తమకే నేర్పమని దేవుణ్ణి అడిగాడు. మనమూ అదే అడుగుదాం.

ప్రభువు మీ యొక్క ప్రతి దినాన్నీ దీవించును గాక. మీ ప్రార్థనలలో మమ్మును జ్ఞాపకం చేసుకోండి. ఆమేన్.